షిల్లాంగ్‌లో చూసిన రెండు చెట్లలో ఏది చెర్రీ? ప్రూనస్ వర్గీకరణపై ఒక సందేహం

ప్రశ్న – వృక్షబోధకుడు

నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తాను. గత నవంబరులో కుటుంబంతో షిల్లాంగ్ వెళ్లినప్పుడు, ఆకులు దాదాపు రాలిపోయిన కొమ్మల నిండా గులాబీ రంగు పూలు విరిసిన చెట్లను చూశాను. అవి హిమాలయ అడవి చెర్రీ చెట్లనీ, వాటి శాస్త్రీయ నామం ప్రూనస్ సెరసాయిడిస్ అనీ అక్కడివారు చెప్పారు. ఆయుర్వేదంలో పద్మకం అనేది ఈ చెట్టునే. అంతవరకు మూలికల దుకాణంలో పద్మకాష్ఠం పేరుతో ఎండు చెక్క ముక్కలుగా మాత్రమే ఎరిగిన చెట్టు, అలా పూలతో ఎదురుపడటం ఆశ్చర్యంగా అనిపించింది.

అక్కడే సోహియాంగ్ అనే నల్లని పండుతో చేసిన జామ్ కూడా కొన్నాము. ఖాసీ భాషలో ఆ పేరుకు నల్లని పండు అని అర్థమట. ఇదీ చెర్రీయే అన్నాడు దుకాణదారు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే అది ప్రూనస్ నేపాలెన్సిస్ అని తేలింది. అయితే పద్మకం పూలు రెండు మూడు కలిసి ఒకే చోటి నుంచి వేలాడుతుండగా, సోహియాంగ్ పూలు పొడవాటి కంకిలా ఉన్నాయి. రెండింటినీ చెర్రీ అనడం సరైనదేనా?

నా అసలు ఇబ్బంది ఇది. నేను చదువుకున్న పుస్తకంలో ప్రూనస్ ప్రజాతికి, అంటే దగ్గరి బంధువులైన జాతుల ఈ గుంపుకు, ఐదు ఉపప్రజాతులని ఉంది. చైనా దేశపు ఆధునిక వృక్షసంపద గ్రంథంలో పీచ్, ఆప్రికాట్, చెర్రీ, ప్లమ్ వేర్వేరు ప్రజాతులుగా ఉన్నాయి. కొత్త పరిశోధన వ్యాసాలు మూడు ఉపప్రజాతులే అంటున్నాయి. హైదరాబాదు పెళ్లిళ్లలో వడ్డించే ఖుబానీ కా మీఠాలోని ఆప్రికాటూ, బిర్యానీలో తగిలే ఆల్‌బుఖారా అనే ఎండు ప్లమ్, పాయసంలో వేసే బాదం, షిల్లాంగ్ పద్మకం అన్నీ ఒకే ప్రజాతి అని చెబితే, దానికి ఆధారం ఏమిటని విద్యార్థులు అడుగుతున్నారు. ఏ పద్ధతిని బోధించాలి? చెర్రీ అన్న మాటకు శాస్త్రంలో కచ్చితమైన హద్దు ఉన్నదా?

సమాధానం 1 – పాత హెర్బేరియం

వృక్షబోధకుడు గారికి నమస్కారం. ముందుగా ఒక చిన్న మాట. మీ విద్యార్థులు బాదం అనగానే వీధి చివర గొడుగులా పరుచుకొన్న చెట్టును తలచుకొంటే, దానికీ ఈ చర్చకూ సంబంధం లేదని చెప్పండి. అది టెర్మినాలియా కటప్పా, మద్ది చెట్టుకు బంధువు. అలాగే కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీలలో చాలావరకు పంచదార పాకంలో ఊరి రంగు పులుముకున్న వాక్కాయలే. మన ఊళ్లలో ఈ ప్రజాతి అంగడి సరుకుగానే తెలుసు కనుక ఇలాంటి పొరపాట్లు సహజం.

ఇక విషయానికి వస్తే, విభజన గొడవ లిన్నేయస్ కంటే పాతది. 1700లో టోర్న్‌ఫోర్ బాదం, పీచ్, ఆప్రికాట్, ప్లమ్, చెర్రీ, చెర్రీ లారెల్ అన్నింటినీ వేర్వేరు ప్రజాతులుగా ఉంచాడు. 1753లో లిన్నేయస్ బాదం, పీచ్‌లను అమిగ్డాలస్ అనే ప్రజాతిలో ఉంచి, మిగిలినవాటిని ప్రూనస్‌లోకి చేర్చాడు. 1865లో బెంథామ్, హూకర్ బాదాన్ని కూడా ప్రూనస్‌లోనే కలిపారు. మన దేశంలో వారి పద్ధతే చాలాకాలం రాజ్యమేలింది కాబట్టి మన వృక్షసంపద గ్రంథాల్లో ఒకే ప్రూనస్ కనిపిస్తుంది. మీ పుస్తకంలోని ఐదు ఉపప్రజాతులు 1940లో ఆల్‌ఫ్రెడ్ రేడర్ స్థిరపరచినవి. ప్లమ్‌లు, ఆప్రికాట్‌లు ప్రూనస్ ఉపప్రజాతి, బాదం, పీచ్ అమిగ్డాలస్, చెర్రీలు సెరాసస్, ఆకు రాల్చే కంకి చెర్రీలు పాడస్, ఆకు రాల్చని కంకి చెర్రీలు లారోసెరాసస్.

ఇవన్నీ ఎందుకు ఒకటి అని అడిగితే నేను పండును కాక పువ్వును కోసి చూపిస్తాను. గిన్నె వంటి పుష్పాసనం అడుగున, దాని గోడలకు అంటుకోకుండా, ఒకే ఒక్క ఫలదళం ఉంటుంది. దానిలో రెండు అండాలు ఉంటాయి. వాటిలో సాధారణంగా ఒకటే గింజ అవుతుంది. బాదం కాయలో అప్పుడప్పుడు జంట పప్పులు దొరకడం ఈ రెండో అండం చలవే. ఫలకవచంలోని లోపలి పొర గట్టిపడి టెంక అవుతుంది. ఆకు తొడిమ మీదనో, ఆకు అడుగు అంచునో చిన్న మకరంద గ్రంథులు ఉంటాయి. నలిపిన ఆకులో, చేదు గింజలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాల వాసన తగులుతుంది. ఈ లక్షణాలన్నీ కలిసి ఒకే చోట కనిపించడం యాదృచ్ఛికం కాదు. మనం బాదంలో టెంక లోపలి గింజను తిని కండను పారేస్తాము, పీచ్‌లో కండను తిని టెంకను పారేస్తాము. ఖుబానీ కా మీఠా చేసేవారు ఆప్రికాట్ కండను ఉడికించి, టెంక పగలగొట్టి అందులోని తియ్యని పప్పును పైన చల్లుతారు కాబట్టి రెండూ వదలరు. వంటింటి తేడాలు ఇవి, చెట్టు తేడాలు కావు.

లోపలి విభజనకు పూర్వులు పండు ఆకారం కంటే మొగ్గలనే ఎక్కువ నమ్మారు. ప్లమ్, ఆప్రికాట్ ఆకు మొగ్గలో చాపలా చుట్టుకొని ఉంటుంది. చెర్రీ, పీచ్, బాదం ఆకు నడిమి ఈనె వెంబడి పుస్తకంలా మడిచి ఉంటుంది. ప్లమ్ కొమ్మ చివర నిజమైన అగ్రకోరకం ఉండదు, చెర్రీకి ఉంటుంది. పీచ్, బాదం ఆకు మూలలో మూడేసి మొగ్గలు పక్కపక్కన కూర్చుంటాయి, నడిమిది ఆకుల మొగ్గ, అటూ ఇటూ పూల మొగ్గలు; ప్లమ్‌లోనూ నిజమైన చెర్రీలోనూ సాధారణంగా ఒక్కటే. హెర్బేరియం రేకు మీద, అంటే ఎండబెట్టిన మొక్కను అంటించి భద్రపరచిన అట్ట మీద, పండు లేకపోయినా మొగ్గ మిగులుతుంది. అందుకే ఇది నాకు ఇష్టమైన గుర్తు.

ఈ గుర్తే ఒక పాత తప్పును బయటపెట్టింది. చైనా, జపాన్ ప్రాంతాల పొట్టి పొద చెర్రీలు, అంటే నాన్‌కింగ్ చెర్రీ అని పిలిచే ప్రూనస్ టొమెంటోసా, ప్రూనస్ జపోనికా మొదలైనవి, చూడటానికి ముమ్మాటికీ చెర్రీలే. చిన్న ఎర్రని గుండ్రని పండు, నున్నని టెంక. రేడర్ కూడా వాటిని సెరాసస్‌లోనే ఉంచాడు. అయితే వాటి ఆకు మూలలో మూడు మొగ్గలు ఉంటాయి. అవి చెర్రీలతో సంకరం కావు, ప్లమ్‌లతో అవుతాయి. 2001 నుంచి వెలువడిన డీఎన్‌ఏ అధ్యయనాలన్నీ వాటిని ప్లమ్, పీచ్‌ల పక్కనే నిలబెట్టాయి. చిన్న ఎర్రని పండు ఈ ప్రజాతిలో ఒకసారి కంటే ఎక్కువగా, వేర్వేరు శాఖల్లో కనిపిస్తుందన్న మాట. కాబట్టి పండు చూసి చెర్రీ అనడం, రెక్కలు చూసి గబ్బిలాన్ని పక్షి అనడం వంటిదే.

సమాధానం 2 – హిమశాఖి

నేను కొంతకాలం హిమాచల్ ప్రదేశ్‌లో ఉద్యానశాస్త్రం చదువుకున్నాను. పాత హెర్బేరియం గారు చెప్పిన దానికి తోటలో కనబడే సాక్ష్యం ఒకటి చేరుస్తాను.

మీరు షిల్లాంగ్‌లో చూసిన పద్మకాన్ని హిమాచల్ కొండల్లో పాజా అంటారు. అక్కడి రైతులు తీపి చెర్రీని అంటు కట్టడానికి ఈ అడవి పాజా మొలకలను వేరుమూలంగా వాడుతూ వచ్చారు. ప్లమ్, ఆప్రికాట్‌లకు మాత్రం చూలీ అనే అడవి ఆప్రికాట్ మొలకలనో, పీచ్ మొలకలనో వాడతారు. చెర్రీ కొమ్మను ఆప్రికాట్ వేరు మీద పెడితే నిలవదు. పుస్తకం తెరవని రైతుకు కూడా ఈ రెండు గుంపుల మధ్య గీత ఎక్కడ ఉన్నదో తెలుసు. ఇందాక చెప్పిన నాన్‌కింగ్ చెర్రీని పీచ్‌కూ ప్లమ్‌కూ చెట్టు పొట్టిగా పెరిగేందుకు వేరుమూలంగా వాడతారు. పేరు పంచుకున్న తీపి చెర్రీకి అది పనికిరాదు.

సంకరాలు కూడా అదే కథ చెబుతాయి. పీచ్, బాదం కలిసి పుట్టిన సంకర మొక్కలు సున్నపు నేలల్లో వేరుమూలాలుగా పేరుపొందాయి. ప్లమ్‌నూ ఆప్రికాట్‌నూ కలిపి ప్లమ్‌కాట్ తెచ్చిన లూథర్ బర్బాంక్ పేరు మీరు వినే ఉంటారు. నిజమైన చెర్రీతో ప్లమ్‌ను కలిపి అలాంటి వాణిజ్య పంటను నిలబెట్టడం మాత్రం అంత తేలిక కాలేదు.

నవంబరులో పూయడం గురించి ఒక మాట. సమశీతోష్ణ మండలపు చెర్రీలు చలికాలమంతా మొగ్గను నిద్రపుచ్చి వసంతంలో పూస్తాయి. పద్మకం చలికి ముందే, శరదృతువు చివర పూసి, వసంతానికల్లా పండ్లు పండిస్తుంది. ఆ వేళకు కొండల్లో మరే పూలూ పెద్దగా ఉండవు కాబట్టి తేనెటీగలు పెంచేవారికి అది వరం. పూసే కాలం ఇంత వేరైనా వంశంలో అది అచ్చమైన చెర్రీయే. తీపి చెర్రీలాగే దానికీ 16 క్రోమోసోములు.

సమాధానం 3 – బహుస్థితికం

హిమశాఖి గారి అనుభవం విలువైనదే, కానీ అంటు నిలవడాన్ని వంశానికి రుజువుగా తరగతిలో చెప్పవద్దని మనవి. నాసపాతిని క్విన్స్ వేరు మీద శతాబ్దాలుగా అంటు కడుతున్నారు. అవి వేర్వేరు ప్రజాతులు. అంటు ఒక సూచన మాత్రమే.

రేడర్ ఐదు గుంపులు ఎందుకు మూడయ్యాయో చెబుతాను. 2013లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం హరితరేణువుల డీఎన్‌ఏలో 12 భాగాలను, కేంద్రకపు జన్యువులు మూడింటిని పోల్చి చూసి, ప్రూనస్‌ను పుష్పవిన్యాసం, అంటే కొమ్మ మీద పూలు అమరే తీరు, ఆధారంగా మూడు ఉపప్రజాతులుగా చేయాలని ప్రతిపాదించింది. పూలు విడివిడిగానో, ఒకటి రెండుగానో పూసే ప్లమ్, ఆప్రికాట్, పీచ్, బాదం, పొద చెర్రీలు ఒక గుంపు, ప్రూనస్. సమశిఖిగానో (పూలన్నీ దాదాపు ఒకే ఎత్తుకు చేరేలా) గుచ్ఛంగానో పూసే నిజమైన చెర్రీలు రెండవది, సెరాసస్. కంకిగా పూసేవి మూడవది, పాడస్. రేడర్ విడదీసిన పాడస్, లారోసెరాసస్ ఇందులో కలిసిపోయాయి, ఎందుకంటే ఆకు రాల్చేవీ రాల్చనివీ వంశవృక్షంలో ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి. ఈ లెక్కన మీ పద్మకం రెండవ గుంపులోనూ, సోహియాంగ్ మూడవ గుంపులోనూ పడతాయి. సోహియాంగ్‌ను చెర్రీ అనడం ఆంగ్లేయుల వాడుక మనకు అంటుకోవడం వల్లనే. వారు పాడస్ చెట్లన్నింటినీ పక్షి చెర్రీలన్నారు.

అసలు చిక్కు మూడవ గుంపులోనే ఉంది. ఈ ప్రజాతి మూల క్రోమోసోముల సంఖ్య 8. మొదటి రెండు గుంపుల్లో చాలా జాతులు ద్వయస్థితికాలు, అంటే 16 క్రోమోసోములు గలవి. కంకి గుంపులోనివి దాదాపుగా బహుస్థితికాలే, అంటే రెండుకు మించి క్రోమోసోముల సమితులు గలవి. ఐరోపా పక్షి చెర్రీకి 32, పోర్చుగల్ లారెల్‌కు 64, తోటల్లో కంచెగా పెంచే చెర్రీ లారెల్‌కు ఏకంగా 176. ఒక మొక్కలో 22 జతలు కాదు, 22 పూర్తి క్రోమోసోముల సమితులు! హరితరేణువుల డీఎన్‌ఏ తల్లి వైపు నుంచి వస్తుంది. దానిని చదివితే కంకి గుంపు మొత్తం చక్కగా ఒకే శాఖగా కనిపిస్తుంది. ఇరువైపుల నుంచీ వచ్చే కేంద్రకపు జన్యువులను చదివితే ఆ శాఖ చెదిరిపోతుంది, కొన్ని ప్రతులు మిగతా గుంపుల దగ్గరికి పోయి చేరతాయి. 2016లో వచ్చిన ఒక వ్యాసం దీనికి ఇచ్చిన వివరణ ఏమిటంటే, పూర్వం వేర్వేరు వంశాల మధ్య సంకరం జరిగి, ఆ సంకరాలు క్రోమోసోములను రెట్టింపు చేసుకొని స్థిరపడ్డాయనీ, అది ఒక్కసారి కాక పలుమార్లు జరిగిందనీ. అంటే ఈ గుంపుకు సంబంధించినంతవరకు వంశవృక్షం కొమ్మలు చీలడమే కాక, చీలిన కొమ్మలు మళ్లీ అతుక్కున్నాయి కూడా. నల్లబల్ల మీద గీసే చెట్టు బొమ్మకు ఇది లొంగదు, విద్యార్థులకు ఆ మాట దాచకుండా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

ఇది అడవిలోనే కాదు, పళ్లెంలోనూ జరిగింది. పుల్ల చెర్రీకి 32 క్రోమోసోములు. అది తీపి చెర్రీకీ, తూర్పు ఐరోపా గడ్డి మైదానాల పొట్టి చెర్రీకీ పుట్టిన సంకరం. ఐరోపా ప్లమ్‌కు 48. దాని పుట్టుకలో 16 క్రోమోసోముల చెర్రీ ప్లమ్‌కూ, 32 క్రోమోసోముల ముళ్ల ప్లమ్‌కూ పాలు ఉందన్నది చాలాకాలంగా ఉన్న అభిప్రాయం. చెర్రీ ప్లమ్ అన్న పేరు విని అది చెర్రీకీ ప్లమ్‌కూ సంకరమనుకోకండి. అది చిన్న కాయలు కాసే అసలైన ప్లమ్ జాతి.

వృక్షబోధకుడు

చాలా కృతజ్ఞతలు. మూడు గుంపుల లెక్క స్పష్టమైంది. అయితే మూడు గుంపులు విడివిడి శాఖలే అయినప్పుడు, చైనావారిలా వాటిని మూడు ప్రజాతులు అనుకుంటే తప్పేమిటి? మరొకటి, ఇదంతా ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

సమాధానం 4 – పాత హెర్బేరియం

మొదటి ప్రశ్నకు జవాబు: మూడు చేస్తే తప్పు లేదు, ఎనిమిది చేస్తే ఉంది. 2003లో వచ్చిన చైనా వృక్షసంపద గ్రంథం అనుసరించినది మూడు ప్రజాతుల పద్ధతి కాదు. ఆప్రికాట్‌ను, పీచ్‌ను, ప్లమ్‌ను, లారెల్‌ను, పాడస్‌ను, ఇంకా పైజియమ్, మాడెనియా అనేవాటిని కూడా వేరు చేసింది. పొద చెర్రీలను సెరాసస్‌లోనే ఉంచింది కనుక ఆ సెరాసస్ ఒకే వంశం కాదు. కంకి గుంపును మూడు నాలుగు ముక్కలు చేసింది కనుక ఆ ముక్కలూ నిలవవు. ఇక మూడే చేస్తే నిలుస్తుంది కదా అంటారా, బహుస్థితికం గారు ఇప్పుడే చెప్పారు, కేంద్రకపు జన్యువుల సాక్ష్యంలో ఆ మూడవ గీత చెదురుతున్నది. గీత చెదిరే చోట ప్రజాతుల సరిహద్దు పెట్టడం కంటే, అందరినీ ఒకే పెద్ద ఇంట్లో ఉంచి లోపల గదులు చేసుకోవడమే మేలని నేను భావిస్తాను. లండన్‌లోని క్యూ వృక్షోద్యానం వారి జాబితా కూడా విశాలమైన ప్రూనస్‌నే అంగీకరిస్తున్నది.

పైజియమ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అది మనకు దగ్గరి సంగతి. చలి దేశాల ప్రజాతిగా పేరుపడిన ప్రూనస్‌కు ఉష్ణమండలంలో కూడా పెద్ద బలగం ఉంది. పడమటి కనుమల తేమ అడవుల్లోనూ శ్రీలంకలోనూ పెరిగే ప్రూనస్ సెలానికా నిత్యహరిత వృక్షం. దాని పండు పొడవు కంటే వెడల్పు ఎక్కువగా, మధ్యలో నొక్కుతో రెండు ఉబ్బులుగా ఉంటుంది. 1788లో గార్ట్‌నర్ ఆ ఆకారాన్ని చూసే పైజియమ్ అన్న పేరు పెట్టాడు. ఆ గ్రీకు మాటకు అర్థం తరగతిలో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, పిరుదులని అర్థం. ఆ పూలకు రేకులు ఎంత చిన్నవంటే రక్షకపత్రాలకూ వాటికీ తేడా తెలియడం కష్టం. అందుకే దాదాపు రెండు వందల ఏళ్లు అది వేరే ప్రజాతిగా చలామణీ అయింది. 1965లో కాల్క్‌మన్ దానిని ప్రూనస్‌లో కలిపాడు, డీఎన్‌ఏ ఆ తరువాత సమర్థించింది. ప్రోస్టేట్ మందు కోసం బెరడు ఒలిచి ఒలిచి ప్రమాదంలోకి నెట్టిన ఆఫ్రికా చెట్టు, ప్రూనస్ ఆఫ్రికానా, ఈ తెగదే. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద 1995 నుంచి నియంత్రణ ఉంది. పైజియమ్‌లాగే హిమాలయాల మాడెనియాను కూడా 2010లో ప్రూనస్‌లో కలిపేశారు.

సమాధానం 5 – బహుస్థితికం

రెండవ ప్రశ్నకు నేను చెబుతాను. డీఎన్‌ఏ మార్పుల వేగాన్ని శిలాజాలతో సరిచూసి వేసిన లెక్కల ప్రకారం ప్రూనస్ సుమారు 6 కోట్ల ఏళ్ల నాడు తూర్పు ఆసియాలో పుట్టి ఉండాలి. చైనాలోని షాన్‌డాంగ్‌లో తొలి ఇయోసీన్ కాలపు, అంటే సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి, టెంకలు దొరికాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు రిపబ్లిక్ అనే ఊరి దగ్గర, సుమారు 4.9 కోట్ల ఏళ్ల నాటి సరస్సు అడుగు రాళ్లలో పూలే అచ్చుపడి దొరికాయి. అంత తొందరగా రెండు ఖండాల్లోనూ ఉన్నదంటే, భూమి ఎంతో వెచ్చగా ఉండి, ఇప్పటి బేరింగ్ జలసంధి ఉన్న చోట నేల కలిసి, అక్కడ అడవులు పెరిగిన రోజుల్లో ఇవి దాటి ఉండాలి. తరువాత భూమి చల్లబడుతున్న కొద్దీ ఆకు రాల్చే శాఖలు ఉత్తరాన విస్తరించాయి, ఆకు రాల్చనివి చాలావరకు ఉష్ణమండలపు కొండలకు పరిమితమయ్యాయి.

విద్యార్థులకు నచ్చే ఉదాహరణ మరొకటి ఉంది. చైనాలోని కున్‌మింగ్‌లో ఒక బస్ స్టేషన్ దగ్గర రోడ్డు పని కోసం తవ్విన మట్టిలో పీచ్ టెంకల శిలాజాలు బయటపడ్డాయి. వయస్సు దాదాపు 26 లక్షల ఏళ్లు. నేటి పీచ్ టెంక మీద ఉండే గుంటలూ గాడులూ వాటి మీద అలాగే ఉన్నాయి. పీచ్ పెద్ద పండు కావడం పూర్తిగా రైతు చేతి పని కాదనీ, మనిషి అక్కడికి రాకముందే అది చాలావరకు పీచ్ అయిపోయిందనీ దీని అర్థం.

సమాధానం 6 – మిన్నెసోటా పెరడు

నేను వృక్షశాస్త్రజ్ఞుడిని కాను, పదేళ్లుగా అమెరికాలోని మిన్నెసోటాలో తోటపని చేసే తెలుగువాడిని మాత్రమే. ఈ చర్చ చదివాక ఈ రాష్ట్రంలో నడక దారుల పక్కన మూడు గుంపులూ సొంతంగా పెరుగుతాయని గ్రహించి సంతోషించాను. అడవి ప్లమ్ అయిన ప్రూనస్ అమెరికానా మొదటి గుంపు. అడవి కాలిపోయిన చోట మొదట మొలిచే పిన్ చెర్రీ రెండవది. దాని గింజలు మట్టిలో దశాబ్దాలపాటు నిద్రించి మంట తరువాత లేస్తాయి కనుక దానిని అగ్గి చెర్రీ అని కూడా అంటారు. కంకులుగా కాసి నాలుక పిడచకట్టించే చోక్ చెర్రీ మూడవది.

నర్సరీవారు ఊదా ఆకుల శాండ్ చెర్రీ అని ఒక పొదను అమ్మారు. అది చెర్రీ ప్లమ్‌కూ ఇక్కడి ఇసుక నేలల శాండ్ చెర్రీకీ దక్షిణ డకోటాలో నీల్స్ హాన్సెన్ చేసిన సంకరమని చదివి, చెర్రీకీ ప్లమ్‌కూ సంకరం తేలిక కాదన్నారు కదా, ఇదెలా సాధ్యమని తికమకపడ్డాను. శాండ్ చెర్రీ కూడా పేరుకే చెర్రీ అని ఇప్పుడు అర్థమైంది. ఈ ఉదయం మంచులో వెళ్లి దాని కొమ్మను భూతద్దంతో చూశాను. ఆకు మచ్చ మీద మొగ్గలు కొన్నిచోట్ల రెండు, ఎక్కువ చోట్ల మూడు ఉన్నాయి.

వృక్షబోధకుడు

మీ అందరికీ కృతజ్ఞతలు. ఒకే ప్రూనస్, మూడు ఉపప్రజాతులు అని బోధిస్తాను. రేడర్ ఐదింటిని చరిత్రగా చెప్పి, కంకి గుంపు దగ్గర బొమ్మ గీయకుండా బహుస్థితికం గారి వివరణ చదివిస్తాను. వచ్చే వారం ప్రయోగశాలకు బజారు నుంచి టెంకలతో ఉన్న ఎండు ఖుబానీ, ఆల్‌బుఖారా, పెంకు బాదం, మూలికల దుకాణం నుంచి పద్మకాష్ఠం తెప్పిస్తున్నాను. వాటి పక్కనే వీధి బాదం కాయ ఒకటి, కేకు మీది వాక్కాయ చెర్రీ ఒకటి పేరు రాయకుండా పెట్టి, ఈ బలగంలో చేరనివి ఏవో కోసి చూసి చెప్పమంటాను.